కేసు కోర్టు మారినప్పుడు

క్రిమినల్ కేసులో చిక్కుకున్న కుటుంబం, అది నిందితుడిదైనా బాధితుడిదైనా, వాయిదా తేదీని, సాక్షుల రాకపోకలను, వకీలు వాదనను కనిపెట్టుకుని ఉంటుంది గానీ, ఆ కేసు ఏ దారిన ఆ న్యాయస్థానానికి వచ్చి చేరిందన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు. తట్టినా అది కోర్టు గుమస్తాలు చూసుకునే వ్యవహారమని వదిలేస్తారు. అయితే ఏళ్ల తరబడి సాగి, పదుల సంఖ్యలో సాక్షుల వాంగ్మూలాలు నమోదై, కొన్నిసార్లు శిక్ష దాకా వచ్చిన విచారణలు సైతం ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు లేనందువల్ల చెల్లకుండా పోయాయి. అలా పోయిన విచారణ వల్ల నిందితుడు యౌవనాన్ని, బాధితుడు సాక్ష్యాన్ని కోల్పోతారు కనుక, ఏ లోపం విచారణను మొదలంటా రద్దు చేస్తుందో, ఏ లోపం చేయదో, ఆ తేడాను కక్షిదారు ఏ కాగితంలో, ఏ దశలో గుర్తుపట్టాలో వివరించడం ఈ అధ్యాయం ఉద్దేశం.

న్యాయమూర్తికి ఒక నేరాన్ని విచారించే అర్హత చట్టం నుంచి వస్తుంది తప్ప ఆయన పదవి గొప్పతనం నుంచి గానీ, కక్షిదారుల సమ్మతి నుంచి గానీ రాదు. ఈ అర్హతనే అధికార పరిధి అంటారు. ఆ నేరాన్ని ఏ స్థాయి కోర్టు విచారించాలన్నది ఇందులో ఒక అంశం కాగా, ఏ ప్రాంతపు కోర్టు విచారించాలన్నది మరొకటి. ఈ రెండింటితోపాటు, ఆ కోర్టుకు కేసు చట్టం చెప్పిన మెట్ల మీదుగా చేరిందా లేదా అన్నది కూడా చూడవలసి ఉంటుంది. సివిల్ తగాదాల్లో ఇరుపక్షాలూ ఒప్పుకుని మధ్యవర్తిని ఎంచుకున్నట్టు క్రిమినల్ కేసులో న్యాయమూర్తిని ఎంచుకోవడం కుదరదు. నిందితుడు స్వయంగా సంతకం చేసి అంగీకరించినా, లేని అధికారం ఆ కోర్టుకు రాదు.

తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో కేసు నడిచిన దారిని చాలావరకు దాని నంబరే చెబుతుంది. మేజిస్ట్రేటు తానే విచారించగల నేరానికి పోలీసులు వేసిన అభియోగపత్రం, అంటే చార్జిషీటు, సీసీ నంబరుతో క్యాలెండర్ కేసుగా నమోదవుతుంది. హత్య వంటి, సెషన్స్ కోర్టు మాత్రమే విచారించదగిన నేరమైతే అదే మేజిస్ట్రేటు దగ్గర మొదట పీఆర్‌సీ, అంటే ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు నంబరు పడుతుంది. మేజిస్ట్రేటు నిందితుడికి పత్రాల నకళ్లు అందేలా చూసి, కేసును సెషన్స్ కోర్టుకు అప్పగిస్తూ ఉత్తర్వు ఇస్తారు. ఈ అప్పగింతను కమిటల్ అంటారు. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 232వ సెక్షన్ ప్రకారం, కేసును స్వీకరించిన నాటి నుంచి 90 రోజుల్లో ఈ అప్పగింత పూర్తి కావాలి. కారణాలు నమోదు చేసి గడువును పొడిగించవచ్చు. సెషన్స్ కోర్టుకు చేరాక కేసుకు ఎస్‌సీ, అంటే సెషన్స్ కేసు నంబరు వస్తుంది. అక్కడి నుంచి జిల్లా సెషన్స్ జడ్జి దాన్ని తానే విచారించవచ్చు, లేదా అదనపు సెషన్స్ జడ్జికి పంపవచ్చు. ఇలా పంపడాన్నే కోర్టు వరండాలో మేడోవర్ అయిందని అంటారు. ఈ మెట్లన్నీ డాకెట్ షీటు మీద, ఒక్కో వాయిదాకు ఒకటి రెండు పంక్తుల చొప్పున, తేదీతో, న్యాయమూర్తి సంతకంతో ఉంటాయి. కేసు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోగోరే కక్షిదారు ముందుగా చదవవలసింది ఆ పంక్తులనే.

ఒక కోర్టు నుంచి మరొక కోర్టుకు కేసును మార్చే అధికారం కూడా ఇంతే ఖచ్చితంగా పంచి ఉంది. కొత్త సంహితలో 446వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు ఒక హైకోర్టు పరిధిలోని కేసును మరో హైకోర్టు పరిధిలోకి మార్చగలదు. 447 కింద హైకోర్టు తన పరిధిలోని కోర్టుల మధ్య మార్చగలదు, తన దగ్గరికే తెప్పించుకోగలదు. 448 కింద సెషన్స్ జడ్జి తన డివిజన్ లోపల మార్చగలరు. ఒకే సెషన్స్ డివిజన్‌లోని బదిలీ కోరేవారు ముందుగా సెషన్స్ జడ్జికే దరఖాస్తు పెట్టుకోవాలి, అది తిరస్కరణకు గురయ్యాకే హైకోర్టు గడప ఎక్కాలి. 449వ సెక్షన్‌లోని ఒక పరిమితిని చాలామంది వకీళ్లు సైతం పట్టించుకోరు: అదనపు సెషన్స్ జడ్జికి అప్పగించిన కేసును సెషన్స్ జడ్జి ఈ సెక్షన్ కింద తిరిగి తీసుకోవడం విచారణ ప్రారంభం కాకముందే సాధ్యం. బదిలీ ఉత్తర్వు ఇచ్చే సెషన్స్ జడ్జి తన కారణాలను రాతలో పెట్టాలని 452వ సెక్షన్ ఆదేశిస్తోంది.

తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన మార్పు 2019 జనవరి 1న జరిగింది. అంతవరకు హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు రెండు రాష్ట్రాల కోర్టులకూ పైకోర్టుగా ఉండేది. ఆ రోజు నుంచి ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు హైకోర్టులు ఏర్పడినందున, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి క్రిమినల్ కేసును మార్చే అధికారం సుప్రీంకోర్టుకే మిగిలింది. మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్యకేసు విచారణను కడప నుంచి హైదరాబాద్‌లోని సీబీఐ ప్రత్యేక కోర్టుకు మారుస్తూ 2022 నవంబరులో సుప్రీంకోర్టే ఉత్తర్వు ఇవ్వవలసి రావడానికి కారణం ఇదే.

ఇంత పకడ్బందీగా అధికారాలు పంచి ఉన్నా తప్పు ఎక్కడ జరుగుతుందన్న ప్రశ్నకు భారతదేశంలో అత్యంత ప్రసిద్ధమైన జవాబు మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే కేసు, ఎందుకంటే అక్కడ తప్పు చేసింది దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే. అవినీతి ఆరోపణల మీద అంతులే 1982 జనవరిలో పదవి విడిచారు. ఆయన మీద రాందాస్ నాయక్ దాఖలు చేసిన ఫిర్యాదు బొంబాయిలోని ప్రత్యేక న్యాయమూర్తి ముందుకు వెళ్లగా, శాసనసభ్యుడిని విచారించడానికి ముందస్తు అనుమతి లేదన్న కారణంతో ఆ న్యాయమూర్తి 1983లో ఆయనను కేసు నుంచి విడుదల చేశారు. ఫిర్యాదీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1984 ఫిబ్రవరి 16న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అటువంటి అనుమతి అవసరం లేదని తేల్చింది. అంతటితో ఆగకుండా, ఏ పక్షమూ కోరకపోయినా, కేసు త్వరగా ముగియాలన్న సదుద్దేశంతో దాన్ని ప్రత్యేక న్యాయమూర్తి నుంచి తీసి బొంబాయి హైకోర్టుకు బదిలీ చేసి, ఒక సిట్టింగ్ న్యాయమూర్తికి అప్పగించాలని ప్రధాన న్యాయమూర్తిని కోరింది.

పైకి చూస్తే ఇందులో నిందితుడికి నష్టమేమీ కనిపించదు. కింది కోర్టు కంటే హైకోర్టు న్యాయమూర్తి ఎక్కువ అనుభవం గలవారే కదా అనిపిస్తుంది. కానీ 1952 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం 7వ సెక్షన్ ఈ తరహా నేరాలను ప్రత్యేక న్యాయమూర్తులు మాత్రమే విచారించాలని అప్పట్లో చెప్పేది. అంతులే తరఫు న్యాయవాదులు ఈ అభ్యంతరాన్ని హైకోర్టులో విచారణ మొదలైన 1984 మార్చిలోనే లేవనెత్తారు. సుప్రీంకోర్టు ఉత్తర్వుకు తాను కట్టుబడి ఉండవలసినవాడినని చెప్పి న్యాయమూర్తి దాన్ని తోసిపుచ్చారు. ఆ తర్వాత కేసు ఒక న్యాయమూర్తి నుంచి మరొకరి చేతికి మారింది, 57 మంది సాక్షులను విచారించారు, చివరికి 79 అభియోగాలు నమోదయ్యాయి.

1988 ఏప్రిల్ 29న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఇదంతా తుడిచిపెట్టింది. అధికార పరిధిని సృష్టించడం శాసనసభల పని అని, దాన్ని కోర్టు తన ఉత్తర్వుతో పెంచుకోలేదని, ఆ కోర్టు సుప్రీంకోర్టే అయినా ఇందులో తేడా ఉండదని జస్టిస్ సబ్యసాచి ముఖర్జీ రాసిన ప్రధాన తీర్పు ప్రకటించింది. మిగిలిన అవినీతి నిందితులందరినీ ప్రత్యేక న్యాయమూర్తులు విచారిస్తుండగా ఒక్కరిని మాత్రం వేరుచేయడం రాజ్యాంగం 14వ అధికరణం హామీ ఇచ్చే సమానత్వానికి భంగమని, ప్రత్యేక న్యాయమూర్తి తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు చేసుకునే మెట్టు ఈ బదిలీ వల్ల నిందితుడికి పూర్తిగా పోయిందని, అది 21వ అధికరణానికి విరుద్ధమని వివరించింది. కోర్టు చేసిన పొరపాటుకు ఏ మనిషీ నష్టపోకూడదన్న సూత్రమే ఆ తీర్పుకు వెన్నెముక. ధర్మాసనంలో భిన్నాభిప్రాయాలూ వెలువడ్డాయి. ఒకసారి అంతిమంగా ఇచ్చిన తీర్పును అదే కోర్టు మరో దారిలో తిరగదోడితే న్యాయనిర్ణయాలకు స్థిరత్వం ఏదన్న జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య ఆందోళన తేలిగ్గా తీసివేయదగినది కాదు. అయినా వ్యక్తి స్వేచ్ఛ పణంగా ఉన్న చోట, తన తప్పును తానే ఒప్పుకున్న న్యాయస్థానం గౌరవం పెరుగుతుందే తప్ప తరగదు కనుక మెజారిటీ దారే సరైనది.

పై మెట్టు నుంచి కిందికి దిగితే, మెట్టు ఎక్కకుండానే కేసు కోర్టుకు చేరిన సందర్భం ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1989 నాటి షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రతి జిల్లాలో సెషన్స్ కోర్టును ప్రత్యేక కోర్టుగా ప్రకటించారు. ప్రత్యేక కోర్టు అయింది కనుక మేజిస్ట్రేటు దగ్గర కమిటల్ అవసరం లేదనుకుని పోలీసులు చార్జిషీట్లను నేరుగా అక్కడే వేస్తూ వచ్చారు. ఆంధ్రప్రదేశ్ కేసులో 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు, ప్రత్యేక కోర్టుగా పేరు పెట్టినా అది మౌలికంగా సెషన్స్ కోర్టేనని, మేజిస్ట్రేటు అప్పగించకుండా అది కేసును స్వీకరించజాలదని తేల్చింది.

దాంతో అప్పటికే శిక్షలు పడిన కేసుల సంగతి ఏమిటన్న పెద్ద ప్రశ్న తలెత్తింది. మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో 2001లో సుప్రీంకోర్టు, పూర్తయిన విచారణను కమిటల్ లేదన్న ఒక్క కారణంతో రద్దు చేయడం తగదని, నిందితుడికి నిజంగా అన్యాయం జరిగిందా అన్నదే చూడాలని చెప్పింది. 2003, 2004లలో కేరళ కేసుల్లో అదే కోర్టులోని వేరే ధర్మాసనాలు దీనికి విరుద్ధంగా, అటువంటి విచారణ చెల్లదని చెప్పాయి. ఎనిమిదేళ్ల పాటు దేశంలోని కోర్టులు ఈ రెండు మార్గాల మధ్య ఊగిసలాడాక, 2012లో రత్తీరామ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2001 నాటి అభిప్రాయమే సరైనదని స్థిరపరిచింది. ఆనాటికి కమిటల్ దశ చాలావరకు పత్రాలు పంపే ప్రక్రియగా కుదించుకుపోయిందని, దాన్ని దాటవేయడం వల్ల నిందితుడి రక్షణకు దెబ్బ తగిలిందని చూపనిదే శిక్షను కొట్టివేయరాదని, బాధితుడికీ న్యాయమైన విచారణ పొందే హక్కు ఉందని ఆ తీర్పు సారాంశం. చివరికి పార్లమెంటే చట్టాన్ని సవరించి, 2016 జనవరి 26 నుంచి ఈ ప్రత్యేక కోర్టులు నేరుగా కేసును స్వీకరించవచ్చని స్పష్టం చేసింది. దళిత, ఆదివాసీ బాధితులు తమ చేతిలో లేని ఒక సాంకేతిక లోపం కోసం, కష్టపడి చెప్పిన సాక్ష్యాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసిన దుస్థితి ఆ సవరణతో తొలగింది. అది పదేళ్ల ముందే రావలసింది.

అంతులే కేసులో విచారణ పోవడానికి, రత్తీరామ్ కేసులో నిలవడానికి మధ్య ఉన్న తేడాయే ఈ అధ్యాయానికి కీలకం. మొదటిదానిలో విచారించిన కోర్టుకు ఆ నేరాన్ని విచారించే అధికారమే లేదు. రెండోదానిలో కోర్టు సరైనదే గానీ కేసు అక్కడికి చేరిన పద్ధతిలో ఒక మెట్టు తప్పింది. మొదటిది అధికార లోపం, రెండోది క్రమదోషం. సంహితలోని 506 నుంచి 511 వరకు సెక్షన్లు ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి. కేసును మరో మేజిస్ట్రేటుకు పంపే అధికారం లేని మేజిస్ట్రేటు సద్బుద్ధితో పొరపాటున పంపితే ఆ కారణంతోనే విచారణ చెడదని 506 చెబుతుంది. చట్టం అధికారం ఇవ్వని మేజిస్ట్రేటు నిందితుడిని విచారిస్తే అది చెల్లదని 507 చెబుతుంది. వేరే జిల్లాలో, వేరే డివిజన్‌లో విచారణ జరిగిందన్న ప్రాంతీయ లోపం, న్యాయానికి విఘాతం కలిగిందని చూపితే తప్ప తీర్పును కదిలించదని 508 చెబుతుంది. కాబట్టి కేసు ఏలూరులో జరగవలసింది విజయవాడలో జరిగిందన్న వాదన మీద అప్పీలు మొత్తం ఆధారపడిన కక్షిదారు తీవ్రంగా నిరాశపడక తప్పదు.

కోర్టు మారకుండా న్యాయమూర్తి మాత్రం మారే సందర్భాల్లో మరో చిక్కు పొంచి ఉంటుంది. సాక్షి బోనులో నిలబడి చెప్పేటప్పుడు అతని తడబాటును, ధైర్యాన్ని కళ్లారా చూసిన న్యాయమూర్తే తీర్పు రాయాలన్నది మూల సూత్రం. 1962లో పంజాబ్ నుంచి వచ్చిన అవినీతి కేసులో, ముందున్న ప్రత్యేక న్యాయమూర్తి నమోదు చేసిన సాక్ష్యం ఆధారంగా కొత్త న్యాయమూర్తి శిక్ష వేయగా, అందుకు చట్టం అనుమతించలేదు కనుక, నిందితుడు అప్పట్లో అభ్యంతరం చెప్పకపోయినా ఆ విచారణ చెల్లదని సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇప్పుడు 365వ సెక్షన్ ఈ సూత్రానికి విస్తృతమైన మినహాయింపు ఇచ్చి, బదిలీ మీద వచ్చిన న్యాయమూర్తి పాత సాక్ష్యం మీద ముందుకు సాగవచ్చని, అవసరమనుకుంటే సాక్షిని మళ్లీ పిలిపించవచ్చని చెబుతోంది. సంక్షిప్త విచారణలకు మాత్రం, అంటే సాక్ష్యం పూర్తిగా రాయకుండా సారాంశం మాత్రమే నమోదు చేసే సమ్మరీ ట్రయల్స్‌కు, ఈ మినహాయింపు వర్తించదు. చెక్కు బౌన్స్ కేసులు ఈ పద్ధతిలో నడిచేవే కనుక సామాన్యులకు ఎక్కువగా ఎదురయ్యే ప్రమాదం ఇదే. అటువంటి కేసులో ఇరుపక్షాలూ పాత సాక్ష్యానికి సమ్మతించినట్టు రాసి ఇచ్చినా, కొత్త మేజిస్ట్రేటు దాని మీద తీర్పు చెప్పరాదని 2011లో సుప్రీంకోర్టు మొదటి నుంచి విచారణకు ఆదేశించింది. సాక్ష్యం పూర్తి పాఠంగా నమోదై, వాస్తవంలో మామూలు పద్ధతిలోనే నడిచిన కేసుకు ఆ నియమం వర్తించదని 2014లో వివరణ ఇచ్చింది. చెక్కు కేసులో మేజిస్ట్రేటు మారగానే ఫిర్యాదీ తన డాకెట్ షీటులో ఏ పద్ధతి రాసి ఉందో చూసుకోవాలని ఈ రెండు తీర్పులూ కలిపి చెబుతున్నాయి.

ఇక ఆచరణలో చేయవలసినవి కొద్దే అయినా వాటికి సమయపాలన ముఖ్యం. ఈకోర్ట్స్ వెబ్‌సైటులోనో యాప్‌లోనో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో చూస్తే కేసు ఏ కోర్టు నుంచి ఏ కోర్టుకు ఎప్పుడు మారిందో తేదీలతో కనిపిస్తుంది గానీ, ఎవరి ఉత్తర్వుతో, ఏ సెక్షన్ కింద మారిందో తెలియాలంటే కాపీ అప్లికేషన్ పెట్టి ఉత్తర్వు సర్టిఫైడ్ నకలు తీసుకోవాలి. ఆ నకలులో ఉత్తర్వు ఇచ్చిన న్యాయమూర్తి హోదా, సెక్షన్, కారణాలు, ఆ నాటికి విచారణ ప్రారంభమైందా లేదా అన్న సంగతి చూడాలి. పాలనాపరంగా హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కాగితం దొరికితే భయపడనవసరం లేదు. రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టుకు ఆ అధికారం ఉందని బీహార్ కేసులో 1995లోనే తేలింది. ఏ ఉత్తర్వూ లేకుండా కేసు కట్ట ఒక గది నుంచి మరో గదికి వెళ్లిందని తేలితే, అభియోగాలు నమోదు కాకముందే, కనీసం తొలి సాక్షి రాకముందే, వకీలు చేత లిఖితపూర్వకంగా మెమో వేయించి, ఆ మెమో మీద కోర్టు ఉత్తర్వు పొందాలి. నోటిమాటగా చెప్పిన అభ్యంతరం పదేళ్ల తర్వాత అప్పీలు కోర్టుకు వినిపించదు.

అభ్యంతరాన్ని తెలిసీ దాచుకుని, శిక్ష పడితే అప్పీల్లో బయటపెడదామనే ఎత్తుగడ కొన్ని చోట్ల ఇప్పటికీ నేర్పుగా చెలామణి అవుతోంది. అది తప్పు, పైగా నిష్ఫలం. న్యాయానికి విఘాతం కలిగిందా అని నిర్ణయించేటప్పుడు, ఆ అభ్యంతరాన్ని ముందే లేవనెత్తగలిగి ఉండేవారా, లేవనెత్తి ఉండవలసిందా అన్నది పైకోర్టు తప్పక పరిశీలించాలని 511వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ శాసిస్తోంది. నిర్దోషిగా బయటపడిన నిందితుడికి సైతం అధికార లోపమున్న తీర్పు రక్షణ ఇవ్వదు; ఒకే నేరానికి రెండుసార్లు విచారించరాదన్న నియమం, 337వ సెక్షన్ ప్రకారం, అధికారం గల కోర్టు విచారించి తీర్పు చెప్పినప్పుడే వర్తిస్తుంది కనుక, అధికారం లేని కోర్టు ఇచ్చిన విడుదల మీద నిశ్చింతగా నిద్రపోవడానికి లేదు. బాధితుడి సంగతి చెప్పనే అక్కరలేదు: పునర్విచారణ నాటికి సాక్షి చనిపోవచ్చు, ఊరు విడిచిపోవచ్చు, రాజీపడిపోవచ్చు. అందువల్లనే మళ్లీ మొదటి నుంచి విచారణ జరపడం అరుదైన, అనివార్యమైన సందర్భాల్లోనే తగునని సుప్రీంకోర్టు పదేపదే చెబుతూ వచ్చింది. కేసు కోర్టు మారిందని తెలిసిన వాయిదా రోజునే బాధితుడైనా నిందితుడైనా కాపీ సెక్షన్‌కు వెళ్లి బదిలీ ఉత్తర్వు నకలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. వకీలు ఫర్వాలేదన్నా, గుమస్తా మళ్లీ రమ్మన్నా, ఆ కాగితం చేతికి వచ్చేవరకు అడగడం మానకూడదు.